బల్ల దగ్గర కుర్చీ: మ్యూజియంలో యువతకు చోటు దొరికిన కథ



పోస్టు కొంచెం పెద్దదే. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు ఒకేసారి, హాస్టల్లో ఉన్నవాళ్ళు రెండు రాత్రులుగా చదవండి. మధ్యలో మాత్రం ఆపొద్దు. చివర్లో మనందరం చేయాల్సిన పని ఒకటుంది.

మనలో చాలామందిమి మ్యూజియం మొదటిసారి చూసింది హాస్టల్ బస్సులో వెళ్ళే. మేమూ అంతే. ఇద్దరిద్దరం చేతులు పట్టుకుని లైన్లో నడిచాం. "ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు" అన్న మాట ఆ రోజు ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. ఒక హాల్లోకి వెళ్ళేసరికి మన ఇల్లే కనిపించింది. మట్టిగోడ, రోలు, బాణం, పక్కన చీర మోకాళ్ళ పైకి కట్టుకున్న బొమ్మ ఒకటి. గైడు "వీళ్ళు ఇలా జీవించేవారు" అన్నాడు. మాలో ఒకమ్మాయి మెల్లగా "మా అవ్వ ఇప్పటికీ ఇట్లనే ఉంటది గదా" అంది. ఎవరూ వినిపించుకోలేదు.

ఇంకో గదిలో అద్దాల పెట్టెలో ఒక తీగ వాయిద్యం ఉంది. కింద చీటీ మీద "గిరిజన సంగీత వాయిద్యం" అని రాసి ఉంది. అంతే, ఇంకేం లేదు. మాతో వచ్చిన ఉట్నూరు వైపు తమ్ముడు ఆగిపోయాడు. "ఇది కిక్రి. మా కాకా వాయిస్తడు. పేరు రాయలే, ఎవరు వాయిస్తరో రాయలే" అన్నాడు. వాళ్ళది ప్రధాన్ల ఇల్లు. గోండుల ఇళ్ళకు పోయి, ఆ ఇంటి దేవతల కథ, వంశం కథ కిక్రి మీద పాడి వినిపించే ఇల్లు. ఆ గదిలో ఆ వాయిద్యం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు ఆ పిల్లాడే. వాడికి చెప్పిన మాట మాత్రం ఒక్కటే: "లైన్లో పద."

ఆ తర్వాత చాలా రోజులు మేం దీని గురించే మాట్లాడుకున్నాం. మ్యూజియంలో మన వస్తువు ఉంది, మన బొమ్మ ఉంది. మనకు చోటు లేదు. వేరే దేశాల్లో ఏం జరిగింది? పిల్లల్ని, కాలేజీకి రాని వయసు వాళ్ళని మ్యూజియంలోకి తీసుకొచ్చి, వాళ్ళచేతే పని నడిపించిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? వెతుక్కుంటూ పోతే పెద్ద చరిత్రే దొరికింది. అది ఎక్కువగా అమెరికాలో జరిగింది. అందులో నల్లజాతి వాళ్ళ పోరాటం ఉంది, అక్కడి ఆదివాసీల పోరాటమూ ఉంది. మొదటినుంచి చెబుతాం.

పిల్లలకు వేరే గుమ్మం

మ్యూజియం అంటే మొదట్లో పెద్దవాళ్ళది, డబ్బున్నవాళ్ళది. పిల్లల కోసమే అని కట్టిన మొదటి మ్యూజియం 1899లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో తెరిచారు. అక్కడ వస్తువుల్ని చేత్తో పట్టుకుని చూడనిచ్చేవాళ్ళు. అప్పటికి అదే పెద్ద విడ్డూరం.

చిత్రకళ మ్యూజియంల విషయానికొస్తే గుర్తుపెట్టుకోవాల్సిన పేరు విక్టర్ డామికో. ఆయన బడిలో బొమ్మలు నేర్పే మాస్టారు. 1937లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆయన్ని విద్యా కార్యక్రమాల కోసం పిలిచింది. ఆ మ్యూజియం పెట్టి అప్పటికి ఎనిమిదేళ్ళే. ఆయన యువత కోసం ఒక గ్యాలరీ నడిపాడు. అందులో ఏ చిత్రాలు పెట్టాలో హైస్కూల్ విద్యార్థులే కూర్చుని ఎంచిన ప్రదర్శనలూ జరిగాయి. 1942లో మొదలుపెట్టిన పిల్లల కళా సంబరానికి ఒక గమ్మత్తైన గుమ్మం పెట్టాడు. చిన్నపిల్లల ఆకారంలో కోసిన గుమ్మం అది. పిల్లలు దూరిపోతారు, పెద్దవాళ్ళు పట్టరు. తల్లిదండ్రులు బయటే ఉండాలి. "ఆ రంగు వెయ్, ఈ గీత గియ్" అని పక్కన నిలబడి చెప్పేవాళ్ళు లేకపోతేనే పిల్లలు సొంతంగా చేస్తారని ఆయన నమ్మకం. పెద్దవాళ్ళు నోరు కట్టేసుకోవాలన్నది ఆయన పెట్టిన మొదటి రూలు అనుకోండి.

ఈ సంబరానికి మన దేశంతో కూడా సంబంధం ఉంది. 1960ల మొదట్లో దీన్ని భారతదేశానికి కానుకగా ఇచ్చారు. ఢిల్లీలోని జాతీయ బాలల మ్యూజియానికి చేరింది. అయితే బస్తర్లోనో, ఏజెన్సీలోనో ఉన్న పిల్లల దాకా అది రావడం వేరే సంగతి.

డామికో చేసిన పని మంచిదే. కానీ అది పిల్లలకు వేరే గుమ్మం పెట్టింది. అసలు గుమ్మం, అంటే ఏది కళ, ఎవరి చరిత్ర గోడ ఎక్కాలి అని నిర్ణయించే గది, పెద్దవాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఆ గది తలుపు కొట్టింది 1960లలో నల్లజాతి బస్తీలు.

ఎలుకల ప్రదర్శన

వాషింగ్టన్‌లో అనకోస్టియా అని ఒక బస్తీ. నది అవతల, నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే చోటు. అమెరికా ప్రభుత్వ పెద్ద మ్యూజియంల సంస్థ స్మిత్సోనియన్ 1967 సెప్టెంబరులో అక్కడ మూతపడిన ఒక సినిమా హాల్లో చిన్న మ్యూజియం తెరిచింది. డైరెక్టరుగా పెట్టింది మ్యూజియం చదువు చదివినవాడిని కాదు. జాన్ కినార్డ్ అనే యువ పాస్టర్, బస్తీల్లో సేవ చేసినవాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటిందంతే.

మొదట్లో అక్కడ పెట్టినవి పిల్లలు ఎక్కి కూర్చోగల అంతరిక్ష నౌక నమూనా, చిన్న జంతుశాల, అదే బస్తీలో 1890ల నాటి దుకాణం ఎలా ఉండేదో చూపే గది. కినార్డ్, విద్యా విభాగం చూసే జోరా మార్టిన్ ఫెల్టన్ ఇద్దరూ బస్తీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడేవాళ్ళు. మీకు ఏం కావాలి, ఏం బాధ ఉంది అని అడిగేవాళ్ళు. పిల్లల మాటల్లో పదేపదే వచ్చింది ఎలుకలు. రాత్రి పడుకుంటే ఎలుకలు, వంటింట్లో ఎలుకలు.

వేరే మ్యూజియం అయితే నవ్వి ఊరుకునేది. వీళ్ళు 1969లో ఎలుకల మీదే ప్రదర్శన పెట్టారు. బతికున్న ఎలుకల్ని తెచ్చి, వాటి గురించిన సంగతులు, అవి ఎందుకు పెరుగుతాయి, చెత్త ఎవరు ఎత్తడం లేదు, ఇల్లు ఎవరు బాగుచేయడం లేదు, అన్నీ చూపించారు. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. మ్యూజియం అంటే రాజుల కత్తులు, రాణుల నగలే అనుకునేవాళ్ళకు, బస్తీ పిల్లల కష్టం కూడా ప్రదర్శనకు తగిన విషయమే అని తెలిసొచ్చింది.

ఇది చదివినప్పుడు మాకు ఒకటే ఆలోచన వచ్చింది. మన హాస్టల్ పిల్లల్ని ఎవరైనా అలా అడిగితే ఏం చెప్పేవాళ్ళం? దోమలు అనేవాళ్ళమా, డోలీలో మోసుకెళ్ళిన గర్భిణి గురించి చెప్పేవాళ్ళమా, వాగు దాటలేక బడి పోగొట్టుకున్న రోజుల గురించి చెప్పేవాళ్ళమా? వాటి మీద ప్రదర్శన పెట్టొచ్చని మనకే ఎప్పుడూ తోచలేదు.

పదిహేడేళ్ళ అమ్మాయి మీద పడిన నింద

అదే 1969. జనవరిలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం, అమెరికాలోకెల్లా పెద్ద కళా మ్యూజియం, హార్లెం మీద ఒక భారీ ప్రదర్శన పెట్టింది. హార్లెం అంటే నల్లజాతి వాళ్ళ సాహిత్యానికి, సంగీతానికి, చిత్రకళకు పుట్టినిల్లు లాంటి చోటు. ప్రదర్శన పేరు 'హార్లెం ఆన్ మై మైండ్'. పెద్ద పెద్ద ఫోటోలు, శబ్దాలు, తెర మీద బొమ్మలు అన్నీ ఉన్నాయి. హార్లెంలో బతికి బొమ్మలు వేస్తున్న చిత్రకారులవి మాత్రం ఒక్క చిత్రమూ లేదు, ఒక్క శిల్పమూ లేదు. వాళ్ళు మ్యూజియం మెట్ల ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. మా గురించి చూపిస్తారు, మేం చేసింది చూపించరా అన్నదే వాళ్ళ గొడవ. మన అద్దాల పెట్టె ముందు ఆ తమ్ముడు అడిగిందీ దాదాపు అదే.

ఈ ప్రదర్శనలో ఎక్కువమందికి తెలియని కథ ఇంకొకటుంది. దాని పుస్తకానికి, కేటలాగ్ అంటారు కదా, ముందుమాట రాసింది ఒక నల్లజాతి హైస్కూల్ అమ్మాయి. పదిహేడేళ్ళుంటాయేమో. ఆమె బడి కోసం రాసుకున్న వ్యాసాన్నే క్యురేటర్ తీసుకుని ముందుమాటగా వేశాడు. వినడానికి ఎంత బాగుంది! అంత పెద్ద మ్యూజియం పుస్తకంలో ఒక బస్తీ పిల్ల మాట మొదటి పేజీల్లో. కానీ అందులో యూదుల గురించి వాళ్ళ మనసు నొచ్చే వాక్యాలు ఉన్నాయి. వాటిలో కొన్ని ఒక పేరున్న సమాజశాస్త్ర పుస్తకంలోంచి వచ్చినవి. అమ్మాయి మొదట వ్యాసంలో ఎక్కడినుంచి తీసుకుందో చూపించింది. ఎడిటింగ్‌లో పెద్దవాళ్ళ సలహా మీద ఆ గుర్తులు పోయాయి. పుస్తకం బయటికొచ్చాక నగరం అట్టుడికింది. మేయర్ ఖండించాడు. చివరికి పుస్తకం అమ్మకం ఆపేశారు. నింద మాత్రం ఎక్కువ భాగం ఆ అమ్మాయి నెత్తిన పడింది.

ఆ వాక్యాలు నొప్పించేవే. అవి రాయకుండా ఉండాల్సింది, అచ్చు వేయకుండా ఉండాల్సింది. కానీ పదిహేడేళ్ళ పిల్ల రాసిన వ్యాసాన్ని లోకం ముందు పెట్టేముందు ఆమె పక్కన కూర్చుని "ఇది ఎవరికి తగులుతుందో ఆలోచించావా, ఈ మూలం ఎందుకు చూపాలో తెలుసా" అని చెప్పాల్సిన పని ఎవరిది? ఆమె పేరు వాడుకోవడానికి మ్యూజియంకి తీరిక దొరికింది. ఆమెకు తోడు నిలబడటానికి దొరకలేదు. యువతను ముందు పెట్టడం వేరు, యువతకు వెన్నుగా ఉండటం వేరు. ఈ తేడా మన కమిటీల్లో, మన ర్యాలీల్లో కూడా గుర్తుంచుకోవాల్సిందే. మైకు చేతికిచ్చి, ఏదైనా జరిగితే పక్కకు తప్పుకునే పెద్దలు మనకూ తెలుసు.

హార్లెం సొంత ఇల్లు కట్టుకుంది

అయితే హార్లెం ఏడుస్తూ కూర్చోలేదు. 1968లోనే అక్కడ అద్దె గదిలో స్టూడియో మ్యూజియం ఇన్ హార్లెం మొదలైంది. 1969లో పక్కనే ప్యూర్టోరికో నుంచి వచ్చిన వాళ్ళ బస్తీలో తల్లిదండ్రులు, టీచర్లు కలిసి ఎల్ మ్యూజియో దెల్ బారియో పెట్టుకున్నారు. మా పిల్లలకు మా కళ బడిలో ఎందుకు చెప్పరు అన్న ప్రశ్నలోంచి పుట్టిన మ్యూజియం అది. డామికో మొదలుపెట్టిన పిల్లల కళా సంబరం కూడా అదే ఏడు హార్లెంకు వచ్చింది. దాన్ని దాదాపు మూడు దశాబ్దాలు నడిపింది బెట్టీ బ్లేటన్ టేలర్ అనే నల్లజాతి చిత్రకారిణి. అంటే సంబరం అదే, నడిపే చేతులు మారాయి.

మెట్రోపాలిటన్ ప్రదర్శనలో ఒక ముసలాయన తీసిన ఫోటోలు అందరినీ కట్టిపడేశాయి. ఆయన జేమ్స్ వాన్ డెర్ జీ. హార్లెంలో ఫోటో స్టూడియో పెట్టుకుని దశాబ్దాల పాటు పెళ్ళిళ్ళు, పిల్లలు, సైనికులు, ఊరేగింపులు అన్నీ తీశాడు. ఇప్పుడు చూడండి. 2000ల మొదట్లో స్టూడియో మ్యూజియం హైస్కూల్ పిల్లల కోసం 'ఎక్స్‌పాండింగ్ ద వాల్స్' అని ఒక కార్యక్రమం పెట్టింది. పిల్లలు నెలల తరబడి మ్యూజియంకి వస్తారు, వాన్ డెర్ జీ ఫోటోలు చదువుతారు, కెమెరా పట్టుకుని తమ వీధిని తీస్తారు. చివర్లో వాళ్ళ ఫోటోలు ఆయన ఫోటోలతో పాటు ప్రదర్శనకెక్కుతాయి. 1969లో హార్లెం పెద్ద మ్యూజియంలో చూపుడు వస్తువు. ఒక తరం గడిచాక హార్లెం పిల్లలే చూపించేవాళ్ళు.

బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు

1990లలో ఈ పద్ధతికి ఒక రూపం వచ్చింది. దాన్ని టీన్ కౌన్సిల్ అంటారు, పదమూడు నుంచి పందొమ్మిదేళ్ళ వాళ్ళ మండలి. మినియాపొలిస్ నగరంలోని వాకర్ ఆర్ట్ సెంటర్ 1996లో పెట్టింది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 1997లో, హ్యూస్టన్‌లోని సమకాలీన కళల మ్యూజియం 1999లో మొదలుపెట్టాయి.

వీటి పని తీరు చూస్తే మనకు చాలా తెలుస్తుంది. ఒకరోజు బస్సులో తెచ్చి, జ్యూస్ ప్యాకెట్ ఇచ్చి, ఫోటో దిగి పంపేసే కార్యక్రమం కాదు. పది, పదిహేను మంది పిల్లలే ఉంటారు. వారం వారం వస్తారు, ఏడాది పొడవునా వస్తారు. కళాకారులతో, క్యురేటర్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతారు. తమ ఈడు వాళ్ళ కోసం ప్రదర్శన, సినిమా రాత్రి, పాటల రాత్రి ఏం పెట్టాలో వాళ్ళే ఆలోచిస్తారు, పోస్టరు వేస్తారు, ఖర్చు లెక్క చూస్తారు. హ్యూస్టన్‌లో అయితే వేరే పిల్లలు పంపిన చిత్రాల్లో ఏవి గోడ ఎక్కాలో ఈ పిల్లలే ఎంచుతారు. ఇలాంటి కార్యక్రమాల్లో చాలావాటిలో వేతనమో, స్టయిపెండో ఉంటుంది. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ కాదు. సాయంత్రం హోటల్లో పనిచేస్తేనే ఇల్లు గడిచే పిల్ల ఊరికే మ్యూజియంకి రాలేదు. డబ్బు ఇవ్వకపోతే మిగిలేది డబ్బున్న ఇంటి పిల్లలే.

ఈ పిల్లల్ని నడిపించే మనిషి పని ఇంకా కష్టం. మ్యూజియంలో ఆ ఉద్యోగం పెద్దదేం కాదు. కానీ ఆ మనిషే బస్ పాస్ చూడాలి, తినడానికి ఏదైనా పెట్టాలి, పరీక్షల నెలలో మీటింగ్ మార్చాలి, ఇంట్లో ఒప్పుకోకపోతే తల్లితో మాట్లాడాలి. సాకు చెప్పకుండా వినాలి. పిల్లలు తీసుకున్న నిర్ణయం తనకు నచ్చకపోయినా, దాన్ని డైరెక్టరు గది దాకా మోసుకెళ్ళి వాదించాలి. డామికో గుమ్మం బయట నిలబెట్టిన పెద్దవాళ్ళలో ఒకరు లోపలికొచ్చారు అనుకోండి, గీత గియ్యడానికి కాదు, తలుపు తెరిచి పట్టుకోవడానికి.

ఇదంతా ఏం సాధించింది? వాకర్, విట్నీ, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్ మ్యూజియంలు నాలుగూ కలిసి తమ పాత సభ్యుల్ని ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని అడిగాయి. ఆ అధ్యయనం 2015లో వచ్చింది. అందరూ చిత్రకారులేం కాలేదు. కానీ నేనెవరో నాకు తెలిసింది అక్కడే, పెద్దవాళ్ళ ముందు నా మాట చెప్పడం నేర్చుకున్నది అక్కడే అన్న అర్థం వచ్చేలా చాలామంది చెప్పుకున్నారు. మ్యూజియం మాది అన్న భావన పెద్దయ్యాక కూడా వాళ్ళని వదల్లేదు.

ఉరికంబం మీద ఆట

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కానీ మనం ఆదివాసీలం, దీని రెండో సగం మనకు తెలియాలి.

వాకర్ ఆర్ట్ సెంటర్ ఉన్న నేల డకోటా ఆదివాసీలది. 1862లో ఒప్పందం ప్రకారం రావాల్సిన డబ్బు రాక, ఆకలితో డకోటాలు తిరగబడ్డారు. యుద్ధం అణిచేశాక, ఆ ఏడు డిసెంబరు 26న మంకాటో అనే ఊళ్ళో 38 మంది డకోటా మగవాళ్ళను ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకే రోజు అంతమందిని ఉరితీయడం అదే. ఉత్తర్వు మీద సంతకం పెట్టింది మనం పాఠాల్లో చదువుకునే అబ్రహాం లింకనే.

2017లో వాకర్ తన శిల్పాల తోటలో ఒక పెద్ద చెక్క కట్టడం నిలబెట్టింది. శామ్ డ్యురాంట్ అనే తెల్లజాతి కళాకారుడు చేసింది. అమెరికా ప్రభుత్వం వాడిన ఏడు ఉరికంబాల రూపాలు అందులో కలిపి ఉన్నాయి, మంకాటోది కూడా. మరణశిక్షను ప్రశ్నించాలనే ఆయన ఉద్దేశం. కానీ జనం మెట్లెక్కి తిరిగేలా, పిల్లలు ఎక్కి ఆడుకునేలా అది తోటలో నిలబడింది. ఒక్కసారి ఊహించండి. రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నవాళ్ళను ఉరితీశారని మనం చెప్పుకునే నిర్మల్ మర్రిచెట్టు నమూనా పార్కులో పెట్టి, ఉయ్యాల ఊగమంటే ఎలా ఉంటుంది?

డకోటాలు కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పెద్దవాళ్ళు, పిల్లలు, అమ్మలు. ముందుగా డకోటాలతో మాట్లాడకపోవడం తన తప్పేనని డైరెక్టరు బహిరంగంగా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. డకోటా పెద్దలతో కూర్చుని మాట్లాడాక, జూన్ మొదటి వారంలో కట్టడాన్ని విప్పడం మొదలైంది. ఆ కళాకారుడు దాని మీద తన హక్కుల్ని డకోటాలకు రాసిచ్చాడు. చెక్కను ఏం చేయాలో వాళ్ళ పెద్దలే నిర్ణయించారు. తర్వాత ఆ తోట కోసం ఆదివాసీ కళాకారుల నుంచి ప్రతిపాదనలు పిలిచారు. 2021లో ఏంజెలా టూ స్టార్స్ అనే డకోటా కళాకారిణి చేసిన 'ఓక్చియాపి' అక్కడ వెలిసింది. ఆ డకోటా మాటకు ఒకరికొకరు సాయపడటం అని అర్థం. డకోటా భాష చుట్టూ అల్లిన శిల్పం అది, జనం కూర్చుని మాట్లాడుకునే చోటు.

గమనించండి, ఇదే వాకర్. ఇరవై ఏళ్ళ ముందే యువతకు కుర్చీ వేసిన వాకర్. కుర్చీ వేయడంతోనే పని అయిపోదు. ఎవరి నేల, ఎవరి చావు, ఎవరి కథ అన్నప్పుడు ఆ మనుషులే బల్ల దగ్గర లేకపోతే, ఎంత మంచి కార్యక్రమం ఉన్నా మ్యూజియం ఉరికంబాన్ని ఆటవస్తువు చేయగలదు.

పాటన్‌గఢ్ కుర్రాడు

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చిన కథ ఒకటే చెబుతాం. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచారు. అందులోని కళా మ్యూజియం చూసిన చిత్రకారుడు జె. స్వామినాథన్. నగరం చిత్రకారుల పక్కనే ఆదివాసీ చిత్రకారుల్ని పెట్టాలన్నది ఆయన పట్టు. అందుకోసం యువ కళా విద్యార్థుల్ని మధ్యప్రదేశ్ పల్లెలకు పంపించాడు. వాళ్ళకు పాటన్‌గఢ్ అనే ఊళ్ళో ఒక ఇంటి గోడ మీద బొమ్మ కనిపించింది. వేసిన కుర్రాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ప్రధాన్ గోండు. అంటే మన ఆదిలాబాద్ ప్రధాన్ల లాగే గోండు దేవతల కథలు పాడే కులం. అక్కడ వాళ్ళు వాయించేది బానా, మన దగ్గర కిక్రి.

ఆ కుర్రాడు భోపాల్ వచ్చాడు. పాటలో ఉన్న దేవతలకు చుక్కలతో, గీతలతో రూపం ఇచ్చాడు. 1989లో పారిస్‌లో ప్రపంచ కళాకారుల ప్రదర్శనలో ఆయన చిత్రాలు ఉన్నాయి. భోపాల్ శాసనసభ భవనం గోడల మీద బొమ్మలు వేశాడు. తన ఊరి వాళ్ళను, చుట్టాలను పిలిచి నేర్పాడు. ఈరోజు గోండు చిత్రకళ పేరుతో వందల కుటుంబాలు బతుకుతున్నాయంటే ఆయన వేసిన దారే. 2001లో ఊరికి ఎంతో దూరంగా, జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ అక్కడే చనిపోయాడు. ఇంకా వేయాల్సిన వయసు.

భారత్ భవన్ చేసిన పెద్ద పని ఆయన పేరు రాయడం. "గిరిజన చిత్రం" అని కాదు, జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అని. పేరు రాసినందుకే ఆయన వెనక ఒక తరం నిలబడగలిగింది. అయితే తలుపు తెరిచింది ఒక మనిషి మంచి మనసు. మంచి మనసు ఉద్యోగం మారితే, రిటైరైతే తలుపు మూసుకుంటుంది. కౌన్సిల్ అలా మూసుకోదు. అందుకే రెండూ కావాలి.

మరి మన సంగతి

మన రెండు రాష్ట్రాల్లో మ్యూజియంలు ఉన్నాయి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ట్రైబల్ మ్యూజియం, అరకులో 1996లో పెట్టిన మ్యూజియం, జోడేఘాట్‌లో కొమురం భీం పేరు మీద 2016లో తెరిచింది, మేడారంలో సమ్మక్క సారలమ్మల పేరున ఒకటి. వీటిని తిట్టడానికి ఈ పోస్టు రాయలేదు. అవి ఉండబట్టే ఎన్నో వస్తువులు మిగిలాయి. మేం అడిగేది ఒక్కటే, ఆ గోడల మధ్య మన పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు పని ఏంటి?

ఈ చరిత్రంతా చదివాక మాకు నాలుగు సంగతులు తేలాయి. ఒకటి, మాట. చీటీ మీద ఏం రాయాలో, ఏ గది ఎలా ఉండాలో చెప్పే బల్ల దగ్గర ఆయా తెగల యువత, పెద్దలు ఇద్దరూ ఉండాలి. యువతకు అడిగే ధైర్యం ఉంది, పెద్దలకు తెలిసింది ఉంది. ఒకరు లేకుండా ఇంకొకరు కూర్చుంటే హార్లెం అమ్మాయి కథో, ఉరికంబం కథో మళ్ళీ జరుగుతుంది. రెండు, కూలి. సేవ అని పిలిచి చార్జీలు కూడా ఇవ్వకపోతే పాడేరు లోపలి ఊళ్ళ పిల్లలు రాలేరు. మూడు, పేరు. వాయిద్యానికి మన భాషలో పేరు, చేసినవాళ్ళ పేరు, వాయించేవాళ్ళ పేరు. నాలుగు, తిరుగు బాట. మ్యూజియంలో నేర్చుకున్నది ఊరికి తిరిగి రావాలి, ఊరు కూడా మ్యూజియంని చూసి తప్పు చెప్పగలగాలి.

ఎవరో వచ్చి కుర్చీ వేస్తారని ఎదురుచూడొద్దు. హార్లెం ఎదురుచూడలేదు. ఈ సెలవుల్లో పని ఇది. మీకు దగ్గర్లో ఉన్న మ్యూజియంకి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. మీ తెగ వస్తువు ఏదుందో చూడండి. చీటీ మీద ఏం రాసుందో అక్షరం మార్చకుండా రాసుకోండి. తర్వాత ఇంటికెళ్ళి అవ్వనో, తాతనో, కాకానో అడగండి. దీని పేరేంటి, ఎవరు చేసేవాళ్ళు, ఎప్పుడు వాడతారు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఆ జవాబు పక్కన రాయండి. చెప్పినవాళ్ళను అడిగి, సరే అంటేనే వాళ్ళ పేరు పెట్టండి. దేవుడి వస్తువైతే, బయట చెప్పకూడదంటే, అక్కడే ఆపండి. అన్నీ గ్రూపులో పెడితే మనమే ఒక చీటీల పుస్తకం చేద్దాం. దాన్ని పట్టుకుని మ్యూజియం ఆఫీసుకు మర్యాదగా వెళ్దాం, తప్పు దిద్దమని అడుగుదాం, మాకు ఇక్కడ పని ఉంది, కుర్చీ కావాలి అని అడుగుదాం.

మొదటి చీటీ మేం రాసేశాం. ఉట్నూరు తమ్ముడు సెలవులకు ఇంటికెళ్ళి వాళ్ళ కాకాను అడిగి పంపాడు. "కిక్రి. ప్రధాన్లది. గోండు ఇండ్లల్ల దేవతల కథ చెప్పెటప్పుడు వాయిస్తరు. మా ఇంట్ల ఇంకా ఉంది, ఇప్పటికీ మోగుతది."

మిగతావి మీరు రాయండి. జోహార్.